తుప్పు గేటు, తడి చెప్పులు

పియానో మూత ఎత్తగానే ముందు కనిపించింది ఒక ఇత్తడి బోల్టు. మధ్య వరసలో, రెండు తీగల నడుమ నిక్కి నిలబడి ఉంది. దాని పక్కన రబ్బరు ముక్క. ఆ పక్కన ఒక స్క్రూ, ఇంకో స్క్రూ, తలుపు సందుల్లో అతికించే స్పాంజి పట్టీ, బట్టలు ఆరేసే క్లిప్పు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నా పియానో కడుపు నిండా ఇనుప సామాను!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా పియానో అని ఎందుకంటున్నానంటే, కొన్నది హాలు వాళ్లే అయినా ఇరవై ఆరేళ్లుగా దాన్ని శృతి చేస్తున్నది నేను. రెండు వందలకు పైగా తీగలు, ఒక్కోదాని గుణం నాకు తెలుసు. గాలిలో తేమ పెరిగితే ఏది మొరాయిస్తుందో, కొత్తగా వేసిన తీగ ఎన్నాళ్లకు కుదురుకుంటుందో నన్నడగాలి. దాని మీద ఎవరైనా టీ కప్పు పెడితే ఆ కప్పు నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది, టీతో సహా. మేనేజరుగారు కూడా దాని పక్కనుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తారు. హాలులో అందరూ నన్ను ట్యూనరమ్మ అంటారు. వెనకాల ఇంకేమంటారో కూడా నాకు తెలుసు, అది ఇక్కడ అనవసరం.

ఈ పని ఎవరిదో ఆలోచించక్కర్లేదు. మా మరదలిది.

మరదలంటే మా తమ్ముడి భార్య. పియానో వాయిస్తుంది, సంగీతం రాస్తుంది. అందరిలా మెట్ల మీద వేళ్లు పెట్టి వాయిస్తే నాకే బాధా లేదు. ఆమె తీగల మధ్య మేకులు దూరుస్తుంది. చేపల గాలానికి కట్టే దారానికి, వయొలిన్ కమానుకు పూసే రోజిన్ జిగురు రాసి, తీగ కిందనుంచి పోనిచ్చి, రెండు చేతులతో అటూ ఇటూ లాగుతుంది. అప్పుడు పియానో మూలుగుతుంది. మా తమ్ముడు చెల్లో వాయిస్తాడు, అదే, మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే పెద్ద వయొలిన్. పెళ్లికి ముందు బుద్ధిగానే వాయించేవాడు. ఇప్పుడు కమానును తిరగేసి కర్రతో తీగల్ని కొడతాడు. తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికి అవతల, ఎవరూ వాయించని చోట కమాను రాస్తాడు. తోడుదొంగలు ఇద్దరూ. వాళ్లింటికి భోజనానికి వెళ్తే చెంచా అడగాలన్నా భయమే, ఏ వాయిద్యంలోంచి తీసుకొస్తారో అని.

ఆమెను నాలుగు హాళ్ల వాళ్లు కాదన్నారు. సంగీతం వినను కూడా వినలేదు, మా పియానో లోపల చెయ్యి పెట్టనివ్వం అన్నారంతే. ఐదోది మా హాలు. నేను పూచీ పడి సంతకం పెడితే ఒప్పుకున్నారు. "వెనక గదిలో పాత చిన్న పియానో ఉంది. దాంట్లో మేకులే పెట్టుకుంటావో మేడే కట్టుకుంటావో నీ ఇష్టం. పెద్దదాని జోలికొస్తే మాత్రం మరదలివని కూడా చూడను" అని ముందే చెప్పాను. సరే వదినా అంది. ఆ కచేరీ ఇవాళ సాయంత్రం ఆరింటికి.

అలాంటిది, నాకు తెలియకుండా నిన్న పెద్దదాని మీద సరదా తీర్చుకుందన్నమాట! ఆడపడుచు అర్ధమొగుడు అంటారే, ఆ లెక్కన సగం మర్యాదైనా నాకు దక్కాలా వద్దా?

ఆ మొదటి బోల్టును పట్టుకుని ఒక్క లాగు లాగాను. మేనేజరుగారి ముందు ఋజువుగా పెడదామని ఏప్రన్ జేబులో పడేశాను. తర్వాత కాస్త ఊపిరి పీల్చుకుని పద్ధతిగా మొదలుపెట్టాను. మా పనిలో ఒక అలవాటుంది. తీగను ముట్టుకునే ముందు మెట్టు నొక్కి వింటాం, ముట్టుకున్నాక మళ్లీ నొక్కి వింటాం. అలాగే ఒక్కో మెట్టూ నొక్కాను, ఆ మోత విన్నాను, నోటికొచ్చింది తిట్టాను, లోపలున్నది పీకాను. "ఛీ, తుప్పు గేటు!" పీకాను. "తడి చెప్పులేసుకుని ఎక్కడ తిరుగుతున్నావే?" పీకాను. "ముక్కు కారుతోంది, తుడుచుకో!" పీకాను. ఖాళీ హాలులో నేనూ, నా తిట్లూ. పీకినవన్నీ తుడిచి, పొడవును బట్టి వేరుచేసి, రేకు డబ్బాలో అరలవారీగా సర్దాను. ఎంత కోపంలో ఉన్నా సామాను చిందరవందరగా పడేయడం నా వల్ల కాదు. ఆ తర్వాత రెండున్నర గంటలు కూర్చుని శృతి చేశాను. అంత బాగా చేసి ఏడాదైంది.

మూడింటికి మరదలూ తమ్ముడూ వచ్చారు. తమ్ముడి వీపు మీద చెల్లో పెట్టె, ఆమె చేతిలో స్కేలూ నోటుపుస్తకమూ.

"రా తల్లీ రా" అంటూ డబ్బా మూత తీసి ముందుకు తోశాను. "ఇదిగో నీ సామాను, పట్టుకెళ్లు."

ఆమె డబ్బాలోకి చూసింది. పియానోలోకి చూసింది. మళ్లీ డబ్బాలోకి చూసింది.

"అన్నీ తీసేశారా వదినా?"

"తీయక? ముద్దు పెట్టుకోమంటావా?"

తమ్ముడు వీపు మీద పెట్టెతోనే నేల మీద చతికిలబడ్డాడు. "అక్కా, పాత పియానో కాలు విరిగిందే. నిన్న గదిలోంచి బయటికి తెస్తుంటే గడప దగ్గర విరిగింది. మేనేజరుగారే పెద్దదాని మీద చేసుకోమన్నారు."

"నాకు చెప్పకుండానా?"

"ఏడుసార్లు ఫోన్ చేశాను వదినా" అంది మరదలు.

శృతి చేసేటప్పుడు నేను ఫోన్ ఆపేస్తాను. మధ్యలో అది మోగితే చెవి చెడుతుంది. నిన్నంతా ఒక సంగీత పాఠశాలలో ఐదు పియానోలు చేశాను. నిన్న పొద్దున్న ఆపిన ఫోన్ ఇంకా సంచి అడుగునే పడి ఉంది. తీసి, ఆన్ చేసి చూశాను. ఏడు కాదు, తొమ్మిదిసార్లు చేసింది. నా కోపం చటుక్కున దిగిపోయింది.

ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. బెంచీ మీద కూర్చుని ఒక మెట్టు నొక్కింది. శుభ్రంగా మోగింది. "చాలా బాగా శృతి చేశారు వదినా" అంది. వెటకారం కాదు, నిజంగానే అంది. ఆ మాటకి నా ప్రాణం చచ్చినంత పనైంది.

ఏం పోతోందో నాకు తెలుసు. సోమవారం నుంచి ఆమె ఒక బీమా ఆఫీసులో చేరాలి. ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఇవాళ్టి కచేరీ బాగుంటే హాలు ఆమెకు ఏడాదికి నాలుగు సాయంత్రాలు ఇస్తుంది, ఆమె ఉత్తరం చించేస్తుంది. బాగోకపోతే ఏడేళ్లుగా రాసినదంతా అటకెక్కించి ఉద్యోగానికి పోతుంది. తమ్ముడు నాకీ మాట చెప్పినప్పుడు "మంచిదేగా, నెల తిరిగేసరికి జీతం వస్తుంది" అన్నాను. అన్న నోరే ఇప్పుడు పిడచకట్టుకుపోయింది.

తప్పయింది అనాలి. ఆ ముక్క నాకు గొంతు దాటి రాదు. ఇన్నేళ్లలో ఎవరితోనూ అన్న పాపాన పోలేదు. దానికి బదులు ఏమన్నానో తెలుసా? "అలా కూర్చుంటే అవే లేచి దూరతాయా? లే! నీ కాగితం ఏది?"

"కాగితం ఇంటి పియానోది వదినా. ఈ తీగలు చాలా పొడుగు, ఆ కొలతలు ఇక్కడ పనికిరావు. ఏ మేకు ఏ తీగకన్నది కూడా మారిపోయింది. నిన్న ఏడు గంటలు చెవితో వెతికి వెతికి పెట్టా. ఇప్పుడు కొలిచి రాసుకుందామనే వచ్చా."

"ఫొటో అయినా తీయలేదా?"

తీసింది. ఎడమ సగం స్పష్టంగా ఉంది. కుడి సగమంతా లైటు మెరుపే.

"సగం ఉందిగా! మరి ఏడుపు మొహం ఎందుకు?"

ఫొటో చూసుకుంటూ ఎడమ సగాన్ని గంటలో పెట్టేశాం. నేను రబ్బరు చీలికతో తీగల్ని ఎడం చేస్తుంటే ఆమె మేకులు దించింది. స్క్రూ వేలెడు అటు జరిగితే డోలు మోత, వేలెడు ఇటు జరిగితే గంట మోత. కుడి సగం దగ్గరికొచ్చేసరికి ముగ్గురం ఆగిపోయాం. డబ్బాలో ఇంకా ఇరవై పైచిలుకు ఉన్నాయి. పొడవు ప్రకారం ఎంత ముచ్చటగా సర్దానో! నా చేతులు నేనే విరగ్గొట్టుకోవాలనిపించింది.

తమ్ముడు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, తీసేముందు ఒక్కోటీ నొక్కి విన్నావా?"

"వినకుండా ముట్టుకుంటానట్రా? నిన్నగాక మొన్న పని నేర్చుకున్నానా?"

"మరి ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉంటాయి, నా తలకాయలా! ఇదేమో తుప్పు గేటు, ఇది తడి చెప్పులు, ఇక్కడ ఒకడికి ముక్కు కారుతోంది, ఇది..." మెట్ల మీద వేలు పెట్టి చూపించుకుంటూ పోతున్నదాన్ని మధ్యలో ఆగాను. మరదలు నా వేలి వంకే చూస్తోంది.

"వదినా" అంది లేచి నిలబడి. "ఇంకా ఏమేం తిట్టారు?"

అన్నీ గుర్తున్నాయి! నా బుర్ర సంగతే అంత. ఎవరైనా మేలు చేస్తే మర్చిపోతానేమో కాని, కోపం తెప్పించిన మోతను చచ్చినా మర్చిపోను. ఎక్కడలేని ఓపికా వచ్చేసింది. చేతులు రుద్దుకుని పియానోలోకి వంగాను.

"తుప్పు గేటు!" అని అరిచాను.

ఆమె ఒక పొడుగు స్క్రూ ఏరి దించింది, మెట్టు నొక్కింది.

"గేటే కాని తుప్పు చాలదు."

వెంట్రుకవాసి వెనక్కి జరిపి మళ్లీ నొక్కింది.

"ఆఁ, అదీ! పుట్టాక నూనె చుక్క చూడని గేటు. ముట్టుకోకిక. తర్వాత తడి చెప్పులు."

స్పాంజి పట్టీ దూర్చింది. "ఇవి ఆరిపోయిన చెప్పులే" అన్నాను. ఇంకాస్త లోపలికి నెట్టింది. "ఇప్పుడే వానలోంచి వచ్చాయి! వదిలెయ్, వదిలెయ్!"

తమ్ముడు స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు, ప్రతి కొలత పక్కనా నా తిట్టుతో సహా. ముక్కు కారేవాడి దగ్గర చాలాసేపు పట్టింది. రబ్బరుతో చూశాం, స్క్రూతో చూశాం, స్క్రూకి రబ్బరు తొడిగి చూశాం. "ఇంకా కారాలి! ముక్కు ఇంకా కారాలి!" అని నేను గొంతు చించుకుంటున్నప్పుడే మేనేజరుగారు తలుపు తీసి తల లోపల పెట్టారు. మా ముగ్గురినీ చూసి, ఏమీ అడక్కుండా తల వెనక్కి తీసుకుని తలుపు మెల్లగా మూసుకున్నారు.

ఒకదానికి నాకు మాట దొరకలేదు. "కుర్చీ జరిపినట్టుంటుందే, కాని ఒట్టి కుర్చీ కాదు" అని తల పట్టుకున్నాను. తమ్ముడు చెల్లో బయటికి తీశాడు. కమాను కర్రతో తీగను కొట్టి "ఇదా?" అన్నాడు. కాదు. బ్రిడ్జికి అవతల రాసి "ఇదా?" అన్నాడు. "అది పిచ్చుకరా, కుర్చీ ఎలా అవుతుంది?" ఈసారి ఎడమచేతి వేలు తీగకు ఆనీ ఆననట్టు పెట్టి, కమానును సరిగ్గా బ్రిడ్జి మీదకే తెచ్చి కరకరమని లాగాడు.

"అదే! అదేరా! కుర్చీలో లావుపాటి మనిషి కూర్చునే ఉన్నాడు, అతనితో సహా జరుపుతున్నారు!"

"మన మేనేజరుగారా వదినా?"

"ఆయనే. ఇంకా బరువుగా, భోజనమయ్యాక."

ఆమె పెద్ద స్క్రూ పక్కన బట్టల క్లిప్పు తగిలించింది. దిగింది మేనేజరుగారి కుర్చీ! ముగ్గురం ఒక్కసారే కేక పెట్టాం.

"నన్నేమైనా తిట్టారా వదినా ఇక్కడ?" అంది, పై మెట్ల వైపు జరుగుతూ.

"కుడి చివర నుంచి ఐదోది. నువ్వు పొద్దున్నే లేచి ఆవులించే మోత."

ఆమె నవ్వి నవ్వి పియానో అంచు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆవులింత మాత్రం రెండో ప్రయత్నానికే దొరికింది.

ఒకటి ఒప్పుకోవాలి. మధ్యాహ్నం తిట్టి పీకేసిన మోతల్నే ఇప్పుడు రమ్మని బతిమాలుతున్నాను. ఒక్కోటీ సరిగ్గా కుదిరినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించింది. తుప్పు గేటులో ఒక్క మోత కాదు, మూడున్నాయి. కింద ఒకటి నిలబడి ఉంటుంది, మధ్యలోది జారుతుంది, పైది గిలగిలలాడుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ తీగను శుభ్రం చేస్తున్నాను కాని దీనికి ఇన్ని వచ్చని నాకు తెలియనే తెలియదు. అది తలుచుకుంటే మళ్లీ కోపమొచ్చింది, ఈసారి నా మీదే.

ఆరింటికి ఇరవై నిమిషాలుందనగా తలుపులు తెరిచారు. జనం లోపలికి వస్తున్నారు.

"చివరి భాగం వాయించి చూసుకోలేదు వదినా" అంది మరదలు.

"డబ్బా ఖాళీ. అంటే అన్నీ లోపలే ఉన్నట్టు. వెళ్లి మొహం కడుక్కో, మసి బొగ్గులా ఉన్నావు."

మామూలుగా కచేరీ మొదలయ్యే వేళకి నేను బస్సులో ఉంటాను. ఇవాళ వెళ్లలేదు. వేదిక పక్కన తెర చాటున నిలబడ్డాను, ఏప్రన్ కూడా విప్పకుండా.

ఏం వాయించారని! ఆమె ఒక చేత్తో మెట్లు నొక్కుతూ ఇంకో చేత్తో లోపలి తీగల్ని గోళ్లతో మీటింది. లేచి నిలబడి గాలపు దారం లాగితే పియానో నోరు తెరిచి ఒక పొడుగాటి రాగం తీసింది, తమ్ముడు చెల్లోతో దాన్ని అందుకున్నాడు. ఏది చెల్లో ఏది పియానో అన్నది నాకే తెలియలేదు, చెవిని నమ్ముకుని బతికే దాన్ని! తడి చెప్పులు పరుగెత్తాయి. గేటు తెరుచుకుంది. ముక్కు కారేవాడు మేనేజరుగారి కుర్చీతో జగడం పెట్టుకున్నాడు. వింటున్న నాలుగు వందల మందిలో ఒక్కరు దగ్గలేదు. ముందు వరసలో పెద్దాయన ఒకరు కుర్చీ అంచుకు జరిగి మెడ చాచి మరీ వింటున్నారు. నాకైతే ఈల వేయాలనిపించింది.

ఇక మిగిలింది చివరి భాగం. దాని గురించి మరదలు నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఒకే ఒక్క మెట్టు. మొదట వినీ వినపడనట్టు, పోనుపోనూ గట్టిగా, వంద దెబ్బలు. ఆ మోత డోలుకీ గంటకీ మధ్యలో ఉండాలి. ఏడేళ్లూ ఆ ఒక్క మోత కోసమే తిరిగానంటుంది. అది పలికితే మిగతాదంతా పలికినట్టే.

చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. వేళ్లకి చల్లగా బోల్టు తగిలింది.

మొట్టమొదట పీకినది! ఆ ఒక్కదాన్నే కోపంలో మెట్టు నొక్కి వినకుండా పీకాను. వినలేదు కాబట్టి తిట్టలేదు, తిట్టలేదు కాబట్టి గుర్తులేదు. ఇప్పటిదాకా వాయించిన మెట్లేవీ బోసిగా పలకలేదు. అంటే ఇది ఆ చివరి మెట్టుదే. ఫొటోలో మెరుపు కింద పోయింది కాబట్టి ఆ హడావిడిలో మరదలు కూడా గమనించలేదు. పిలుద్దామనుకున్నాను. అప్పటికే ఆమె ఆ మెట్టు నొక్కింది.

టింగ్.

శుభ్రంగా, తియ్యగా, మధ్యాహ్నం నేను శృతి చేసినట్టే పలికింది. అంత చక్కటి స్వరం విని అంత హడలిపోవడం నా బతుకులో అదే మొదలు. ఆమె భుజాలు బిగుసుకున్నాయి. అయినా ఆపలేదు, రెండోది కొట్టింది, మూడోది కొట్టింది. తమ్ముడు చెల్లో చెక్క మీద కమాను రాస్తూనే తెర వైపు చూశాడు. మెడ చాచిన పెద్దాయన వెనక్కి వాలి కూర్చున్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కచేరీ మధ్యలో ట్యూనర్ వేదిక ఎక్కడం అనేది ఎక్కడా లేదు. ఎక్కితే ఏదో చెడిందని హాలంతటికీ తెలిసిపోతుంది. ఎక్కకపోతే సోమవారం ఆమె బీమా ఆఫీసులో ఉంటుంది. ఇంకేం ఆలోచించలేదు, ఎక్కేశాను. మసి ఏప్రన్‌తో, చెదిరిన జుట్టుతో, టపటపా నడుచుకుంటూ వెళ్లి పియానోలోకి వంగాను.

మరదలు నన్ను చూసింది. నా చేతిలో బోల్టును చూసింది. చెయ్యి ఆపకుండా కొడుతూనే ఉంది. ఊగుతున్న తీగను బట్టి ఏ మెట్టో తెలుసుకున్నాను. రబ్బరు చీలిక పెట్టి రెండు తీగల్ని ఎడం చేసి బోల్టు దించాను. టింగ్ కాస్తా టక్ అయింది. తీగ వెంబడి మెల్లగా జరపడం మొదలుపెట్టాను. ఒక్కో దెబ్బకీ మోత మారుతోంది. టక్ పోయి టంగ్ వచ్చింది, టంగ్ లావెక్కుతోంది. హాలులో చిన్న కదలిక కూడా లేదు. అది కూడా సంగీతంలో భాగమే అనుకుంటున్నారు!

ఒక చోటికి రాగానే మరదలి కళ్లు 'అక్కడే' అన్నాయి. నిన్న ఆమె పెట్టిన చోటు అదే. బాగానే ఉంది. కాని నా చెయ్యి ఆగలేదు. ఇంకా అవతల ఏదో ఉందని చెవి చెబుతోంది, నా చెవి మాట నేను ఎప్పుడూ కాదనలేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకో వేలెడు జరిపాను.

డోలూ గంటా కలిసి ఒక్కసారి మోగాయి. వాటి అడుగున ఎక్కడో తమ్ముడి కమాను ఊపిరి కూడా కలిసిపోయింది. మరదలు నోరు తెరిచింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే! ఆమె కళ్లలోకి నీళ్లొచ్చేశాయి, నవ్వూ వచ్చేసింది, రెండూ ఆపుకోలేదు.

చిక్కేమిటంటే అక్కడ తీగ మరీ ఎక్కువ ఊగుతుంది. బోల్టు నిలవదు. నాలుగు దెబ్బలకే పైకి తేలింది. దాని తలను చూపుడువేలితో నొక్కిపట్టాను, తీగకు మాత్రం తగలకుండా. అంతే, ఇక కదలడానికి లేదు. ఇంకా ఎనభై దెబ్బలున్నాయి. ఆమె కొట్టింది. మోత వేలిలోంచి మోచేతికి, మోచేతిలోంచి దవడకి ఎక్కింది. పళ్లు కూడా మోగాయి. ముప్ఫై, నలభై. గట్టిగా, ఇంకా గట్టిగా. కొట్టు, ఇంకా కొట్టు, తీగ తెగితే కొత్తది నేను వేస్తా అని లోపల్లోపల కేకలు పెడుతున్నాను. ఇన్నేళ్లూ ఎవరో వాయించుకుంటారని శృతి చేసి ఇంటికి పోయాను. సంగీతం మధ్యలో నిలబడితే ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. వందో దెబ్బకి ఆమె చేతులెత్తేసింది. మోత చాలాసేపు పోలేదు. అది పూర్తిగా పోయేదాకా నేను వేలు తీయలేదు.

ఆ తర్వాత పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. అందరూ లేచి నిలబడ్డారు, పెద్దాయన అందరికంటే ముందు. తమ్ముడు కమాను గాలిలో ఊపుతున్నాడు. మరదలు నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. వంగి దణ్ణం పెట్టడం నాకు రాదు, స్తంభంలా నిలబడ్డాను. వేలు తిమ్మిరెక్కిపోయింది, గొంతులో మాత్రం మధ్యాహ్నం నుంచీ అడ్డం పడ్డది కదిలింది.

"తప్పు నాదే" అన్నాను.

"ఆఁ? వినపడట్లేదు వదినా!"

"తప్పు నాదే అంటున్నా!"

"ఏంటీ?"

ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లకి ఒక్కసారి నోట్లోంచి వస్తే అదీ వినపడకపోతే ఎలా? ఊపిరంతా కూడదీసుకుని అరిచాను. "తప్పంతా నాదేనే! నన్ను క్షమించవే మరదలా!"

సరిగ్గా అప్పుడే మేనేజరుగారు ఏదో చెప్పడానికి వేదిక ఎక్కి చెయ్యెత్తారు. చప్పట్లు టక్కున ఆగాయి. నా మాట ఒక్కటే హాలంతా వినిపించింది, వెనక గోడకి కొట్టుకుని తిరిగి నా దగ్గరికే వచ్చింది.

మరదలు నా చెయ్యి వదల్లేదు. అంతే గట్టిగా, అందరికీ వినపడేలా అంది. "అలాగే వదినా! కాని ఇంకో వేలెడు జరిపింది మాత్రం తప్పంటే ఒప్పుకోను!"

హాలు గొల్లుమంది. అది కూడా కచేరీలో ముక్కే అనుకున్నట్టున్నారు. మేనేజరుగారు నా చెవిలో "నాలుగు సాయంత్రాలూ ఇస్తున్నామని చెబుదామని వచ్చానమ్మా" అన్నారు. "చెప్పండి మరి, నా మొహం చూస్తారేం?" అన్నాను. ఆయన నోరు తెరిచేలోపే పెద్దాయన ముందు వరసలోంచి కేక వేశారు. "ఆ చివరిది ఇంకోసారి!"

మరదలు వెళ్లి బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు చెల్లో సర్దుకున్నాడు. ఆమె మెట్టు మీద వేలు పెట్టి నా వంక చూసింది. నా వేలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. బోల్టును ఇంకో వేలితో పట్టుకున్నాను.